అపార్ట్‌మెంటులో అమరవీరుల సంస్మరణ: నిరుటి తప్పు మళ్లీ జరగకుండా ఎలా జరపాలి?

ప్రశ్న
సి.వి. రామన్ నగర్ వాసి, బెంగళూరు

పెద్దలకు నమస్కారం. మా నివాస సముదాయంలో రెండు వందల పైచిలుకు కుటుంబాలున్నాయి, వాటిలో సగానికి దగ్గరగా తెలుగువారివే. ఏటా జూలై 26న కార్గిల్ విజయ దివస్ సందర్భంగా సంఘం తరఫున ఒక కార్యక్రమం జరుపుతున్నాము. ఈ ఏడాది ఆ బాధ్యత నాకు అప్పగించారు. నిరుడు జరిగిన తీరు కళ్లారా చూసినవాణ్ని కావడం వల్ల ఇది నాకు తేలికైన పనిగా తోచడం లేదు.

మా మూడో బ్లాకులో ఒక వీరనారి ఉంటున్నారు. ఆవిడ భర్త హవల్దారుగా పనిచేస్తూ సియాచిన్‌లో మంచుచరియ విరిగిపడి మరణించారు. నిరుడు సంఘం వారు ఆవిడను వేదిక మీద కూర్చోబెట్టి, శాలువా కప్పి, మెడలో దండ వేశారు. వ్యాఖ్యాత ఆవిడను ‘కార్గిల్ వీరుని సతీమణి’ అని పరిచయం చేశాడు. కార్గిల్ యుద్ధం ముగిసిన చాలా ఏళ్లకు ఆయన పోయారన్న సంగతిని ముందుగా ఎవరూ కనుక్కోలేదు. ఆ తరువాత నలుగురు వక్తలు మాట్లాడారు. ‘ప్రాణాలను తృణప్రాయంగా అర్పించిన’ అన్న మాట నేను లెక్కపెట్టినంతలో ఆరుసార్లు వినిపించింది. రెండు నిమిషాల మౌనం అని ప్రకటించారు గాని నలభై సెకన్లు గడవకముందే మైకు గరగరలాడింది, ఆ వెంటనే సినిమా పాటలకు పిల్లల నృత్యాలు, అటుపైన తంబోలా. తంబోలా మొదలవుతూ ఉండగా ఆవిడ లేచి వెళ్లిపోయారు. శాలువా కుర్చీ మీదే ఉండిపోతే మర్నాడు కాపలాదారు చేతికిచ్చి ఇంటికి పంపించారు.

ఇంతకన్న నన్ను ఎక్కువ కలవరపెట్టినది మరొకటి ఉంది. వెనుక వరుసలో ఒకాయన తన పక్కాయనతో ‘యుద్ధంలో పోలేదు కదా, మంచులో పోయినదాన్ని వీరమరణం అనవచ్చునా?’ అని అడగడం నా చెవిన పడింది. సమాధానం నాకూ తెలియక ఊరుకున్నాను. ఊరుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

కార్యక్రమాన్ని ఏ రోజున, ఏ పద్ధతిలో జరపాలి? ఆవిడను మళ్లీ పిలవడం మర్యాదా, పిలవకపోవడం మర్యాదా? పిల్లలకు చూపించదగిన స్మారకాలు మన నగరంలో ఏవి? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు
విశ్రాంత సుబేదారు, హలసూరు

అయ్యా, ముందు ఆ వెనుక వరుస పెద్దమనిషికి జవాబు చెప్పి, తరువాత మీ ప్రశ్నకు వస్తాను. సియాచిన్ హిమానీనదాన్ని మన అధీనంలోకి తెచ్చుకోవడానికి సైన్యం చేపట్టిన ఆపరేషన్ మేఘదూత్ 1984 ఏప్రిల్ 13న మొదలైంది. ఆనాటి నుంచి అక్కడ తూటాల కంటె చలీ, ఎత్తూ, మంచుచరియలే ఎక్కువ మందిని పొట్టన పెట్టుకున్నాయి. 20,000 అడుగులు దాటిన ఠాణాలో కాపలా ఉండటమంటే శత్రువుకు ఎదురుగా నిలబడటమే. ఆ మనిషి అక్కడ లేకపోతే ఆ శిఖరం మనది కాకుండా పోతుంది. అందుచేత అటువంటి మోహరింపులో విధి నిర్వహిస్తూ మంచుచరియ కింద పోయినవారి మరణాన్ని కూడా సైన్యం యుద్ధ మరణంగానే, ‘బ్యాటిల్ క్యాజువల్టీ’గానే నమోదు చేస్తుంది. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలోని త్యాగచక్రం గోడల మీద ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క రాతిపలక ఉంటుంది. శిఖరం మీద శత్రువుతో తలపడి పోయినవాడి పలకకూ, మంచు కింద పోయినవాడి పలకకూ తేడా ఏమీ కనిపించదు. ఇక ‘షహీద్’ అన్న మాట సంగతి అంటారా, అటువంటి పదమేదీ తమ అధికారిక వాడుకలో లేదని రక్షణ, హోం మంత్రిత్వ శాఖలు 2017లోనే కేంద్ర సమాచార కమిషన్‌కు తెలియజేశాయి. కనుక పదం కోసం తగవులాడనక్కరలేదు. ‘విధి నిర్వహణలో మరణించారు’ అన్నా ఆయన గౌరవానికి లోటేమీ రాదు.

తేదీ విషయానికి వస్తే, జూలై 26 కార్గిల్‌కు చెందిన రోజు. 1999లో ద్రాస్, ముష్కో, కక్సర్, బటాలిక్ ప్రాంతాలలో ప్రాణాలు కోల్పోయిన 527 మందిని ఆ రోజున తలచుకుంటాము. అన్ని యుద్ధాలవారినీ కలిపి తలచుకోదలిస్తే డిసెంబరు నెల అనువైనది. 1949 నుంచి డిసెంబరు 7ను సాయుధ దళాల పతాక దినంగా పాటిస్తున్నారు. ఆ రోజు ఇచ్చే విరాళం వీరనారుల, వికలాంగ సైనికుల, మాజీ సైనికుల సంక్షేమానికి వెళుతుంది. డిసెంబరు 16 బంగ్లాదేశ్ యుద్ధ విజయానికి గుర్తు. మీరు జూలైనే ఉంచుకోవచ్చును. అయితే కార్గిల్‌ది కార్గిల్‌గా, మిగిలినవి మిగిలినవిగా స్పష్టంగా చెప్పండి.

పద్ధతి గురించి నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి, ఏమీ అనుకోవద్దు. సైన్యంలో ముందు పుష్పచక్రం ఉంచుతారు. ‘శోక్ శస్త్ర్’ ఆజ్ఞకు తుపాకులు తలకిందులై జవాన్ల తలలు వంగుతాయి. బ్యూగుల్ మీద ‘లాస్ట్ పోస్ట్’ వాయిస్తారు. మౌనం తరువాత ‘రౌజ్’ వాయిస్తారు. ‘లాస్ట్ పోస్ట్’ అనేది పూర్వం చీకటి పడ్డాక కాపలాలన్నీ తనిఖీ అయ్యాయని, ఇక ఆ రోజుకు పని ముగిసిందని తెలిపే పిలుపు. ‘రౌజ్’ మేలుకొలుపు. ఆ రెండింటి నడుమ ఉండే మౌనానికి అర్థం ఆ క్రమం నుంచే వస్తుంది. మీరు దీన్ని చెక్క తుపాకులతో అనుకరించవద్దు. పిల్లలకు సైనిక దుస్తులు తొడిగించి వేదిక ఎక్కించవద్దు. ఫోనులోంచి బ్యూగుల్ వినిపించవద్దు. ఒక బల్ల, ఒక దీపం, పూలు, ఒక పేర్ల పట్టిక చాలు. పేర్లు చదవండి. హోదా, పేరు, పటాలం, ఊరు, పోయిన చోటు, తేదీ. ఆ తరువాత రెండు నిమిషాలు గడియారం చూసి మౌనం పాటించండి, మైకు ఆపేయండి. మొత్తం ఇరవై నిమిషాలు మించనక్కరలేదు.

ఆవిడను తప్పక పిలవండి, అయితే పత్రిక ముద్రించి కాదు. మీ ఇంట్లో ఆడవారిని తీసుకుని ఇంటికి వెళ్లి, ఏమి కావాలో, ఏమి వద్దో అడగండి. ‘రాను’ అంటే ఆ మాటతో సరిపెట్టుకోండి. వస్తే వేదిక మీద కాక అందరితో పాటు కూర్చోనివ్వండి. భర్త పతకాలు ధరించి రావాలనుకుంటే కుడివైపు ధరించడం ఆనవాయితీ.

పిల్లలను బ్రిగేడ్ రోడ్డుకు తీసుకువెళ్లండి. రోజూ వేలమంది షాపింగుకు వెళ్లే ఆ రోడ్డు రెసిడెన్సీ రోడ్డును కలిసే చోట ఒక రాతి స్తంభం ఉంది. అది మద్రాసు పయనీర్ పటాలాల స్మారకం. మొదటి ప్రపంచ యుద్ధంలో దారులు వేస్తూ, కందకాలు తవ్వుతూ పోయినవారి కోసం నిలబెట్టినది. ఆ పయనీర్లను 1933లో రద్దు చేశాక చాలామంది మా మద్రాసు శాపర్లలో, అంటే సైన్యపు ఇంజనీర్ల దళంలో, కలిశారు. జె.సి. నగరులో మైసూరు లాన్సర్ల స్మారకం కూడా ఉంది. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణం మీదికి గుర్రాలతో దూకినవారు మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్లు. అదే దళంలో మన హైదరాబాదు లాన్సర్లు కూడా ఉండేవారు. ఢిల్లీ తీన్ మూర్తిలోని మూడు విగ్రహాలు ఆ మూడు సంస్థానాల సైనికులవే.

జవాబు
పల్నాటి మనిషి, బేగూరు

సుబేదారు గారు స్మారకాలు చెప్పారు కనుక నేను ఇంకొకటి కలుపుతాను, ఎందుకంటే నేనుండే చోటు అటువంటిది. బేగూరు నాగేశ్వరాలయంలో సుమారు 890 నాటి వీరగల్లు, అంటే పోరులో పోయినవారి జ్ఞాపకార్థం నిలిపిన రాయి, ఒకటి ఉంది. ‘బెంగళూరు కాళగం’లో, అంటే బెంగళూరు యుద్ధంలో, బుట్టణ సెట్టి అనే మనిషి పడిపోయాడని ఆ రాతి మీద కన్నడంలో చెక్కారు. ఈ నగరం పేరు కనిపించే తొలి శాసనం అదే. ఏ రాజూ ఏ గుడికో మాన్యం ఇచ్చిన సందర్భంలో కాక, యుద్ధంలో పోయిన ఒక మనిషి జ్ఞాపకంలో ఈ ఊరి పేరు మొట్టమొదట మనకు దొరకడం నాకు ఎప్పుడూ వింతగానే తోస్తుంది. నెహ్రూ తారామండలం ఎదుటి రాష్ట్రీయ సైనిక స్మారకంలో 75 అడుగుల ఏకశిలను వీరగల్లు అనే పేరుతోనే నిలబెట్టారు. దాని ఉద్యానంలో రాతిఫలకాల మీద స్వాతంత్ర్యానంతరం పోయిన సైనికుల పేర్లున్నాయి. పిల్లలకు ముందు బేగూరు రాయి చూపించి, తరువాత దీని దగ్గరకు తీసుకువెళితే నడుమ ఉన్న పదకొండు వందల ఏళ్లను మీరు వివరించనక్కరలేదు.

తంబోలా తప్పే, అందులో సందేహం లేదు. అయితే సంస్మరణ అంటే ఎవరూ నవ్వకూడదు, ఎవరూ తినకూడదు అన్న భావంతో మాత్రం నేను ఏకీభవించను. మా కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు పల్నాటి వీరుల ఉత్సవాలు జరుగుతాయి: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. నాగులేరు ఒడ్డున వీరుల గుడి దగ్గర ఆయుధాలకు పూజ చేస్తారు, వీరవిద్యావంతులు రాత్రిళ్లు కథాగానం చేస్తూ ఒక్కొక్క వీరుణ్ని పేరు పెట్టి పిలుస్తారు. మందపోరు నాడు చాపకూడు, అన్ని కులాలవారూ ఒకే చాప మీద కూర్చుని తింటారు. మా తాతగారు నన్ను చిన్నప్పుడు భుజాన ఎక్కించుకుని తీసుకువెళ్లినది ఏడవడానికి కాదు. ఎనిమిది శతాబ్దాలు దాటినా ఆ పేర్లు ఇంకా నోళ్లలో ఉన్నాయంటే తలచుకోవడమూ, తినడమూ, కలిసి కూర్చోవడమూ ఒకే పనిగా జరగడమే కారణమని నా నమ్మకం. కనుక మౌనం అయ్యాక అందరినీ కూర్చోబెట్టి పులిహోర, దద్దోజనం పెట్టండి.

జవాబు
ఒక చెల్లెలు, పెరంబూరు, చెన్నై

ఈ చర్చలో మాట్లాడాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మా అన్నయ్య 1988లో శ్రీలంకలో, భారత శాంతి పరిరక్షక దళంలో ఉండగా మరణించాడు. జూలై 26 కార్గిల్‌కు, డిసెంబరు 16 బంగ్లాదేశ్‌కు అని సుబేదారు గారు చెప్పింది చదివాక మా అన్నయ్యకు ఏ రోజు అన్న ఆలోచన మళ్లీ వచ్చింది. ఆ యుద్ధానికి విజయ దివస్ లేదు. 1990 మార్చిలో చివరి దళాలు ఓడలలో వెనుదిరిగి వస్తే మా మద్రాసులో చప్పట్ల కంటె వాదోపవాదాలే ఎక్కువగా వినిపించాయి. మూడేళ్లలో దాదాపు 1,200 మంది పోయారు. వారి పేర్లతో కొలంబో పక్కన శ్రీ జయవర్ధనపుర కోట్టేలో శ్రీలంక ప్రభుత్వమే ఒక స్మారకం కట్టించింది. పరాయి దేశం చెక్కించిన రాతి మీద ముందుగా మా అన్నయ్య పేరును చదవవలసి రావడం ఎటువంటిదో నేను వివరించలేను. ఇక్కడి పరంగిమలై దగ్గరి ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో తయారైన మేజర్ రామస్వామి పరమేశ్వరన్ 1987 నవంబరు 25న ఆ యుద్ధంలోనే పోరాడి మరణించి పరమవీరచక్ర పొందారు. ఆయన పేరు తెలిసినవారిలోనూ ఆయన ఏ యుద్ధంలో పోయారంటే తడుముకునేవారే ఎక్కువ. అందుకని మీ పట్టికలో విజయాలు లేని యుద్ధాలవారిని కూడా చేర్చమని నా మనవి.

ఇక ‘తృణప్రాయం’ గురించి. మీరు ఆ మాటను ఆరుసార్లు లెక్కపెట్టారు కనుక మీకూ అది ముల్లులా గుచ్చుకుందని అనుకుంటున్నాను. మా అన్నయ్యకు ప్రాణం గడ్డిపోచ కాదు. అతనికి మామిడికాయ పప్పంటే ప్రాణం, సైకిలంటే ప్రాణం, పెళ్లి చేసుకోవాలని ఉండేది. ప్రాణం విలువ తెలియకనే ఇచ్చేశాడన్నట్లు వినిపించే మాటను గౌరవం అని ఎవరు అనుకున్నారో నాకు తెలియదు. వక్తలు చెప్పదలిచింది అది కాదని నాకు తెలుసు. కానీ ముప్పై ఏళ్లుగా ప్రతి సభలోనూ ఆ మాట విన్నప్పుడల్లా మా అమ్మ తల వంచుకుని చీర అంచు చూసుకునేది, అమ్మ పోయాక ఇప్పుడు ఆ పని నేను చేస్తున్నాను.

మీరెప్పుడైనా చెన్నైకి వస్తే నందంబాక్కంలోని మద్రాసు యుద్ధ శ్మశానవాటిక చూడండి. 1952లో ఏర్పాటైంది, రెండో ప్రపంచ యుద్ధంలో పోయిన కామన్‌వెల్త్ సైనికుల సమాధులు 850కి పైగా ఉన్నాయి. అధికారికీ సిపాయికీ ఒకే కొలత రాయి, ఒకే వరుస. రాతి మీద పటాలం చిహ్నం, హోదా, పేరు, తేదీ, వయస్సు ఉంటాయి, కింద ఒక్క వాక్యానికి చోటు విడిచి దానిని కుటుంబం ఇష్టానికి వదిలేశారు. కొందరు దైవవాక్యం రాయించుకున్నారు, కొందరు ఇంట్లో పిలుచుకునే పేరు రాయించుకున్నారు, కొందరు ఏమీ రాయించుకోలేదు. అయితే ఈ సమత్వం అందరికీ అందలేదని కూడా చెప్పాలి: మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన ఆసియా, ఆఫ్రికా సైనికులలో లక్షకు పైగా మందిని పేరుతో స్మరించలేకపోయామని ఆ శ్మశానవాటికలను చూసుకునే కమిషనే 2021లో ఒప్పుకుంది.

జవాబు
ఇద్దరు పిల్లల తండ్రి, వైట్‌ఫీల్డ్

అందరి మాటా గౌరవిస్తూనే ఒక అభ్యంతరం చెబుతాను. రెండు నిమిషాల మౌనమూ, పేర్ల పట్టికా పెద్దలకు సరిపోతాయి గాని ఎనిమిదేళ్ల పిల్లవాడికి సరిపోవు. పాటలు, నృత్యాలు లేకపోతే మా పిల్లలు కిందికే దిగరు, పిల్లలు రాకపోతే తల్లిదండ్రులూ రారు. అదీగాక అది ‘విజయ’ దివస్. 16,000 అడుగుల ఎత్తున శిఖరాలను తిరిగి గెలుచుకున్న సంతోషాన్ని పూర్తిగా విషాదంగా మార్చడం కూడా ఆ సైనికులకు న్యాయం చేసినట్లు కాదేమో.

జవాబు
విశ్రాంత సుబేదారు, హలసూరు

వైట్‌ఫీల్డ్ మిత్రులు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది, ఒప్పుకుంటున్నాను. మా పటాలంలో కూడా పొద్దున స్మారకం దగ్గర తలలు వంచినవాళ్లమే మధ్యాహ్నం బడాఖానాలో, అంటే పటాలమంతా కలిసి తినే విందులో, పాటలు పాడుకునేవాళ్లము. ఆ రెండింటికీ మధ్య వ్యవధి మాత్రం ఉండేది. పొద్దున సంస్మరణ, సాయంత్రం పిల్లల కార్యక్రమం పెట్టుకోండి. పొద్దున పేర్లు చదవడం పిల్లలకే అప్పగించండి. ఒక్కొక్కరికి ఒక సైనికుణ్ని ఇచ్చి, ఆయన ఎక్కడివారో, ఎలా పోయారో కనుక్కుని రమ్మనండి. హైదరాబాదు కుటుంబానికి చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య 1999 జూన్ 28న ద్రాస్‌లో, తిరుచ్చికి చెందిన మేజర్ శరవణన్ అంతకు నెల ముందు మే 29న బటాలిక్‌లో పోయారు. శరవణన్ భౌతికకాయం నెల రోజులకు పైగా మంచులోనే ఉండిపోయింది. ఇది తెలుసుకున్న పిల్లవాడు కిందికి దిగకుండా ఉంటాడని నేను అనుకోను.

ప్రశ్న అడిగినవారి జవాబు
సి.వి. రామన్ నగర్ వాసి, బెంగళూరు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం నా భార్యను వెంటబెట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్లాను. నిరుటి సంగతికి క్షమాపణ చెబితే, పిల్లల నృత్యాలకు తనకేమీ బాధ కలగలేదనీ, ఆ రోజు మోకాళ్ల నొప్పి వల్ల కూడా లేచి వెళ్లాననీ అన్నారు. ‘కార్గిల్’ అన్నప్పుడు మాత్రం మనసు చివుక్కుమందట. తన భర్త పోయిన చోటును ఆవిడ పటంలో వేలు పెట్టి చూపించగలరు. సియాచిన్‌కు పోయే ముందు ఆయన ఊళ్లో ఇంటికి స్లాబు వేయించడానికి సెలవుకు దరఖాస్తు పెట్టుకున్నారట. ఆ స్లాబు తరువాత ఆవిడే దగ్గర ఉండి వేయించారు.

ఆయన పోయిన తేదీన కార్యక్రమం పెట్టమంటారా అని అడిగితే వద్దన్నారు. ఆ రోజు తాను ఎప్పుడూ పలమనేరు పక్కన ఊళ్లోనే ఉంటారట. జూలై 26నే పెట్టుకోమన్నారు, వస్తానన్నారు, అయితే దండ వద్దన్నారు, మాట్లాడమని అడగవద్దన్నారు. తమ బ్లాకు ఆడవాళ్లతో కూర్చుంటారట. పులిహోర మాట విని, పోపు తానే వేస్తానన్నారు.

వచ్చేటప్పుడు ఒక కాగితం ఇచ్చారు. అందులో ఆయన సైనిక సంఖ్య, హోదా, ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, పటాలం, ఊరు, తేదీ ఆవిడ చేతిరాతలో ఉన్నాయి. మా సంఘం పుస్తకంలో ఆయన ఇంటిపేరు ఇన్నేళ్లూ తప్పుగానే ఉందని అప్పుడు తెలిసింది, ఇవాళ దిద్దించాను. ఆ పేరును ఆవిడ బ్లాకులోనే ఉండే పదకొండేళ్ల అమ్మాయి చదువుతుంది. సుబేదారు గారూ, ఒక్క సందేహం: ఆ సైనిక సంఖ్య ఎనిమిది అంకెలుంది. దానిని కోట్లు, లక్షలుగా చదవాలా, ఒక్కొక్క అంకెగా చదవాలా?

జవాబు
విశ్రాంత సుబేదారు, హలసూరు

ఒక్కొక్క అంకెగానే. తొందరపడకుండా చదవమనండి. వీలుంటే ఒకరోజు ముందు నేనే వచ్చి ఆ అమ్మాయి చేత చదివిస్తాను.